రెండుసార్లు పిలిచాక

పిండిలో గుడ్డు కొట్టేశాను.

కొట్టాక కూడా వెంటనే తెలియలేదు. కళ్ళేమో సింకు పైన గోడకి అతికించుకున్న కాగితాల మీదున్నాయి. తడిసిన రన్‌వే మీద ఏ వేగం దగ్గర చక్రాలు నేల పట్టు వదిలేసి నీళ్ళ మీద జారతాయి? టైరులో గాలి ఒత్తిడికి వర్గమూలం కట్టి తొమ్మిదితో హెచ్చించాలి. నోరు ఆ లెక్క గొణుగుతూంటే, చేతులు అలవాటు కొద్దీ వాటి పని అవి చేసుకుపోయాయి. ఫ్రిజ్ తెరిచి, గుడ్డు అందుకుని, గిన్నె అంచుకి ఠక్కున కొట్టి, పెంకు చెత్తబుట్టలో పడేసి, పిండి కలిపేశాయి కూడా.

"ఓరి దేవుడోయ్! గుడ్డు! నికోలా పండక్కి గుడ్డు!" అంటూ మా అత్తగారు మిలుంకా గుండె మీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడ్డారు.

సెయింట్ నికోలా మా ఇంటి ఇలవేల్పు. ఇల్లూ ఇంటిపేరూ వచ్చినట్టే ఇలవేల్పు కూడా తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు. ఆయన పండగ డిసెంబరులో, క్రిస్మస్ ముందరి ఉపవాసాల మధ్యలో పడుతుంది. కాబట్టి చేప ఒక్కటే చెల్లుతుంది. మాంసం, పాలు, వెన్న, గుడ్డు, ఏదీ గిన్నెకి తగలకూడదు. ఇవేవీ లేకుండా ఊరంతటికీ విందు పెట్టాలి. ఎవరినీ పిలవం. స్లావాకి, అంటే ఈ ఇలవేల్పు పండగకి, పిలుపులుండవు, తలుపు తెరిచి ఉంచడమే, వచ్చేవాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళందరికీ పళ్ళెంలో వేడివేడిగా ఉండాలి. ఆ 'ఉండాలి' ఎవరి పనో మాత్రం ఎవరూ అనరు.

"నీ మనసెక్కడుందే తల్లీ?" అన్నారు అత్తగారు.

"రన్‌వే మీద అత్తయ్యా."

"అదే నేననేది. మనసు వంటింట్లో ఉంటే గుడ్డు ఫ్రిజ్‌లో ఉండేది." లేచి వచ్చి, పిండి ముద్దని వేలితో పొడిచి చూశారు. "పారేయకు. కింద వీధి కుక్కలకి వేద్దాం. వాటికి ఉపవాసాల్లేవు, అదృష్టవంతులు."

నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు. మా అత్తగారితో వచ్చిన చిక్కే ఇది, చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో! మళ్ళీ పిండి కొలిచాను, మళ్ళీ అక్రోట్లు నూరాను. గోడ మీది కాగితాల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. రెండు నిమిషాలు కూడా ఆగలేకపోయాను.

నా పేరు యాస్నా. ముప్పై ఆరేళ్ళు. మా పుట్టింటి ఇలవేల్పు నికోలా కాదు, గుర్రమెక్కి ఈటె పట్టుకున్న జార్జి. పెళ్ళితో ఆయన మా అన్నయ్య దగ్గరే ఉండిపోయాడు. ఇంటిపేరు మారుతుందని తెలుసు గానీ, దేవుణ్ణి కూడా పుట్టింట్లో వదిలి రావాలని అప్పుడు తోచలేదు. పెళ్ళినాటికి ఇరవై నాలుగేళ్ళు. తెల్ల చొక్కా, భుజాల మీద రెండు బంగారు పట్టీలు, చిన్న పంకా విమానంలో కుడివైపు కో-పైలట్ సీటు. ఆ వయసులో ఇలవేల్పు గురించి ఎవరాలోచిస్తారు? వుకాషిన్, నేను ఫ్లయింగ్ స్కూల్లో ఒకే బ్యాచ్. నాకు మార్కులెక్కువ, అతనికి ఎత్తెక్కువ. మా శిక్షకుడు నా చెయ్యి చూసి, "కంట్రోల్స్ మీద వెన్నలా ఉంటుందమ్మా నీ చెయ్యి, పిండి కలిపినా బాగుంటుంది," అనేవాడు. పొగిడాడనుకున్నాను.

తర్వాత దున్యా పుట్టింది. నేను పనిచేసే చిన్న కంపెనీ మూతపడింది. దున్యా నామకరణం విందులో వుకాషిన్ గ్లాసెత్తి, "ఇంట్లో ఇద్దరూ పైలట్లయితే పిల్లనెవరు చూస్తారు, ఆటోపైలటా?" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు విమానాశ్రయంలోనే, వేరే కంపెనీ రోస్టర్ గదిలో పని. ఏ పైలట్ ఏ రోజు ఎక్కడికి ఎగరాలో వేసి, వాళ్ళకి ఫోన్ చేసి చెప్పడం. "యాస్నా బంగారం, ఆదివారం నన్నొదిలేయవే, చాక్లెట్ తెస్తా," అంటారు నాకంటే చిన్నవాళ్ళు. మొన్న ఒక కొత్త కుర్రాడు దిగాల్సిన చోట పొగమంచు ఉంటుందా అని ఊరికే పైకి అనుకుంటూంటే, గాలి లేదు, నేల చల్లగా ఉంది, తెల్లారేసరికి పట్టేస్తుంది, ఇంధనం ఎక్కువ వేయించుకో అన్నాను. "అబ్బో, ఇవన్నీ మీ ఆయన నేర్పించాడా?" అన్నాడు. అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆయన నేర్పించాడా! వుకాషిన్‌కి ఆరునెలలకోసారి పరీక్ష. బల్లకి అటు అతను, ఇటు నేను. అతను కూర్చుని, నేను నిలబడి బంగాళాదుంపలు చెక్కుతూ. ప్రశ్నలు నేనే అడగాలి, తప్పు చెబితే నేనే దిద్దాలి. ఇంజన్ మంటలు, మంచు గడ్డకట్టిన రెక్కలు, నీళ్ళ మీద దిగడాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. అతను కెప్టెనై భుజం మీదకి నాలుగో పట్టీ వచ్చిన రోజున అత్తగారు దాన్ని నిమిరి నిమిరి, "నా బిడ్డ బుర్ర పాదరసం," అన్నారు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది కూడా నేనే. పోయిన జనవరిలో నేను వెళ్ళి నా రేటింగు, అంటే విమానం నడిపే అర్హత, రెన్యూ చేయించుకొస్తే మాత్రం వుకాషిన్, "పోన్లే, సరదా తీర్చుకో," అన్నాడు.

ఆ రేటింగు గడువు వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. ఇప్పుడు ఒక కొత్త కంపెనీ పైలట్లని తీసుకుంటోంది. రాత పరీక్ష పొద్దున, ఇంటర్వ్యూ మధ్యాహ్నం, రెండూ ఒకేరోజు. పంతొమ్మిదో తేదీ. నికోలా పండగ రోజు! మా ఊళ్ళో ఆ తేదీకి పళ్ళ డాక్టరు కూడా ఎవరికీ టైమివ్వడు. ఆ కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేసి తేదీ మారుస్తారా అని అడిగాను. అవతల అమ్మాయి నిట్టూర్చింది.

"మా ఇంట్లోనూ అదే పండగక్కా. ఊళ్ళో సగంమంది ఇలవేల్పు నికోలా, మిగతా సగం వాళ్ళిళ్ళకి భోజనానికెళ్ళేవాళ్ళు. మా పెద్దాయన పరాయి దేశంవాడు. నికోలా ఉన్నాడు సార్, తేదీ మార్చండి అన్నాను. ఏ నికోలా, ఏ సెక్షన్‌లో పనిచేస్తాడు అన్నాడు."

"మారదన్నమాట."

"మారదక్కా. రాకపోతే పేరు కొట్టేస్తారు."

ఆ రోజు నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. జెమున్ పేటలో మా ఇంటి కప్పు మీదుగా దిగే ప్రతి విమానానికీ కిటికీ దగ్గరికి పరుగు. పైలట్ రెక్కల ఫ్లాపులు ఎంత దించాడు, గాలికి ముక్కు ఎటు తిప్పాడు, అని చూస్తూండగానే అవతల పాలు పొంగేవి. దున్యాకి జడ వేస్తూ వేస్తూ, ఒక ఇంజన్ ఆగితే ఏ పెడల్ తొక్కాలో ఆ పక్కకి జుట్టు లాగేశాను. "అమ్మా, నేను విమానం కాదు!" అని ఏడ్చింది పిల్ల. ఒక్కోసారి అనిపించింది, పోనీలే, ఎందుకీ ఆరాటం, పోనీలే అని. ఇలా పోనీలే పోనీలే అంటూనే కదా ఇన్నేళ్ళు పోయాయి! ఆ మాట మీద కోపం వచ్చి, ఆ కోపం చూపించడానికి ఎవరూ దొరక్క, క్యాబేజీ ఆకులు వలిచి సార్మా చుట్టలు చుట్టాను. కుండ నిండింది. ఇంకో కుండ తీశాను.

అసలు మాట వుకాషిన్‌తో తేల్చుకోవాలి. అదే కష్టం. వుకాషిన్ కాదనడు. ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరిచి వద్దనలేదు, చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. పలకడు, అంతే. ఫోన్ చూసుకుంటాడు, షూ తుడుచుకుంటాడు, కిటికీలోంచి వాతావరణం చూస్తాడు. కాసేపటికి నేనే, "సర్లే, తర్వాత చూద్దాం," అంటాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ మాట పుట్టించినవాడు మా ఇంటికి ఎప్పుడూ భోజనానికి రాలేదు.

పండగ ఇంకా రెండు రోజులుందనగా, సాయంత్రం, ప్రశ్నల కాగితాలు వుకాషిన్ చేతిలో పెట్టాను. "ఈ ఒక్కసారి నువ్వడుగు, నేను చెబుతా." టీవీలో ఫుట్‌బాల్ నడుస్తోంది. శబ్దం తగ్గించాడు, బొమ్మ తియ్యలేదు. మొదట రెండు మూడు ప్రశ్నలు ఆటవైపు చూస్తూనే అడిగాడు. చెప్పాను. తర్వాత అతనికే సరదా పుట్టింది. కాగితం పక్కన పెట్టేసి నావైపు తిరిగాడు.

"సరే. దిగుతున్నారు. కెప్టెన్ విమానం నడుపుతున్నాడు, నువ్వు పక్కన. ఉండాల్సిన ఎత్తు కంటే కిందకి జారిపోతున్నాడు. ఏం చేస్తావ్?"

"చెబుతా. ఎత్తు తగ్గింది, సరిచెయ్యి అని."

"పలకలేదు."

"మళ్ళీ చెబుతా. గట్టిగా."

"అప్పుడూ పలకలేదు."

"మనిషి స్పృహలో లేడని లెక్క. 'కంట్రోల్ నాది' అని చెప్పి నేను తీసుకుంటా."

"కెప్టెన్ కదోయ్! నీకంటే పెద్దవాడు, అనుభవం ఉన్నవాడు. ఏదో ఆలోచిస్తున్నాడేమో. మూడోసారి అడగవా?"

"అడగను. మూడోసారి అడిగేలోపు నేల తగులుతుంది."

"శభాష్!" తొడ మీద కొట్టుకున్నాడు. ఆ క్షణంలో ఫ్లయింగ్ స్కూల్ నాటి వుకాషిన్‌లా ఉన్నాడు, ముద్దొచ్చాడు కూడా. "నా పక్కన కూర్చునే కుర్రాళ్ళకి మొదటిరోజే చెబుతా. రెండుసార్లు పిలవండ్రా. పలక్కపోతే మొహమాటపడకండి, లాగేసుకోండి. బతికి బట్టకడితే తర్వాత కూర్చుని తిట్టుకుందాం. ఈ మొహమాటంతోనే యాస్నా, నిక్షేపంలాంటి విమానాలు కొండల్ని గుద్దుకున్నాయి."

ఇదే అదననుకున్నాను. "అయితే పంతొమ్మిదిన నేను పొద్దున్నే బయల్దేరతా. వంటంతా ముందురోజే చేసేస్తా. సార్మా వేడిచెయ్యడం, చేప ఓవెన్లో పెట్టడం, వచ్చినవాళ్ళకి వడ్డించడం, ఈ మూడే నీకు. సరేనా?"

టీవీలో ఎవరో గోల్ కొట్టారు. వుకాషిన్ శబ్దం పెంచాడు.

మర్నాడంతా వండాను. బీన్స్ ఉడికించాను, చేప శుభ్రం చేసి ఉప్పూ కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను, దేవుడి గోధుమలు ఉడకబెట్టి అక్రోటు పొడి, పంచదార కలిపాను. అత్తగారు నా వెనకాలే తిరిగారు.

"రేపు ఎవరైనా కోడలేదీ అంటే ఏం చెప్పనే? ఆకాశంలో ఉందని చెప్పనా?"

"ఇంకా అంతదూరం పోలేదత్తయ్యా. పరీక్ష రాయడానికెళ్ళిందని చెప్పండి."

"ముప్పై ఆరేళ్ళ మనిషికి పరీక్షలేంటి, ఇంట్లో ఏమైనా గొడవా అంటారు. నాకు తెలీదా వాళ్ళ సంగతి?"

"నికోలా ప్రయాణాలు చేసేవాళ్ళ దేవుడని మీరే కదా చెప్పింది? ఆయనేం అనుకోడు."

"ప్రయాణాలు చేసేవాళ్ళని కాస్తాడు గానీ, విందు రోజున వంటింట్లోంచి పారిపోయేవాళ్ళని కాస్తాడని ఏ ఫాదరూ చెప్పలేదు నాకు." గోధుమలు నోట్లో వేసుకుని, "తీపి సరిపోయింది," అన్నారు. తర్వాత నావైపు చూడకుండా, "నేను ఆ రోజుల్లో టైపు నేర్చుకున్నాను తెలుసా? వేగంగా కొట్టేదాన్ని," అన్నారు. ఏమైంది మరి అని అడగబోయాను. అప్పటికే పళ్ళాలు లెక్కపెట్టడానికి వెళ్ళిపోయారు.

పంతొమ్మిదో తారీఖు తెల్లారింది. డాన్యూబ్ మీది పొగమంచు వీధిలోకి వచ్చేసింది. బల్ల మీద తెల్లబట్ట పరిచి, పండగ రొట్టె, గోధుమలు, వైను పెట్టి, పెద్ద మైనపు వత్తి వెలిగించాం. వుకాషిన్ కొత్త సూటు వేసుకుని నికోలా పటం పక్కన నిలబడ్డాడు. స్లావా రోజున ఇంటి యజమాని కూర్చోకూడదు. అతిథుల మీద గౌరవంతో పొద్దున్నుంచి చివరి మనిషి వెళ్ళేదాకా నిలబడే ఉండాలి. వచ్చిన ప్రతివాళ్ళూ, అయ్యో పాపం కాళ్ళు లాగుతున్నాయా అని అడుగుతారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నిలబడే ఉన్నాను, నన్నెవరూ అడగలేదు.

నీలం కోటు వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాను. ఇంటికి ఉన్నది ఒక్క కారు. తాళాలు వుకాషిన్ సూటు జేబులో ఉన్నాయి. ఈ పొగమంచులో బస్సుని నమ్ముకుంటే పరీక్ష గది తలుపు మూసేస్తారు.

"వుకాషిన్, తాళాలివ్వు. నేను బయల్దేరాలి."

అతను వత్తి వైపు చూశాడు. వత్తి కొంచెం వంకరగా ఉన్నట్టుంది, సరిచేశాడు. అతిథుల కోసం పెట్టిన పళ్ళ సారా, రాకియా, గ్లాసులు ఒక వరసలోకి జరిపాడు. అత్తగారు రొట్టె పక్కన నిలబడి నావైపూ అతనివైపూ మార్చి మార్చి చూస్తున్నారు. నా కాళ్ళు తెలిసిన దారిలోనే వెనక్కి వెళ్ళబోయాయి. 'సర్లే' నాలిక మీదకి వచ్చేసింది. ఆ మాట రుచి నాకు బాగా తెలుసు.

మింగేశాను.

"వుకాషిన్! పరీక్షకి టైమవుతోంది. కారు తాళాలు కావాలి."

ఈసారి గట్టిగా అన్నాను. లోపలి గదిలో దున్యా ఆట ఆపింది. వుకాషిన్ కిటికీ వైపు తిరిగి పొగమంచు చూస్తున్నాడు. ఏమీ వినపడనట్టు, ఈ గదిలో తనూ వాతావరణమూ తప్ప ఎవరూ లేనట్టు. అదే వీపు. ఎన్నిసార్లు ఆ వీపుని చూసి నేను నిర్ణయాలు మార్చుకున్నాను! ఉద్యోగం, ఇల్లు మారడం, రెండో బిడ్డ వద్దనుకోవడం, అన్నీ ఆ వీపే చెప్పింది, నేనే చదువుకున్నాను. ఇవాళ మాత్రం దాన్ని చూస్తూంటే మొన్నటి సాయంత్రం గుర్తొచ్చింది. రెండుసార్లు పిలిచాను. పలకలేదు. మూడోసారి అడిగేలోపు నేల తగులుతుంది.

వెళ్ళి అతని పక్కన, కుడివైపు, నిలబడ్డాను. సూటు జేబులో చెయ్యి పెట్టి తాళాలు తీసుకున్నాను.

"కంట్రోల్ నాది," అన్నాను.

వుకాషిన్ రెండు చేతులూ ఠక్కున పైకెత్తేశాడు.

"కంట్రోల్ నీది."

అనేశాడు! కాక్‌పిట్‌లో ఆ మాట వింటే ఈ జవాబిచ్చి చేతులు తీసెయ్యాలి. ఇన్నేళ్ళ అలవాటు, మనిషి కంటే ముందు నోరు పలికింది. చేతులు గాల్లో అలాగే ఉన్నాయి. తనేమన్నాడో తనకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ పైకి వచ్చింది. మొదటిసారి అతను నన్ను సూటిగా చూశాడు, కోపంగానో భయంగానో చెప్పలేను. చూడటం మాత్రం చూశాడు.

"ఏంట్రా అలా చేతులెత్తేశావ్?" అన్నారు అత్తగారు. "తుపాకీ ఏమైనా పెట్టిందా?"

"లేదమ్మా," అన్నాడు వుకాషిన్, చేతులు మెల్లగా దించుతూ. "అది... అది రూలు."

అత్తగారు నన్ను తేరిపార చూశారు. కోటు కాలరు సరిచేస్తారేమో అన్నంత దగ్గరికి వచ్చి, వెనక్కి తగ్గి, రొట్టె మీద గుడ్డ సర్దుకున్నారు. "నిలబడతావేం మరి? ఫో. పొగమంచులో మెల్లగా నడుపు," అన్నారు.

మెట్లు దిగుతున్నాను. ఇంజన్ మంటలు, గడ్డకట్టిన రెక్కలు, టైరు ఒత్తిడి వర్గమూలం, అన్నీ ఒక్కసారిగా బుర్రలోకి తోసుకొస్తున్నాయి. చేతిలో తాళాలు చెమటతో జారుతున్నాయి. కింద గుమ్మం దాకా వచ్చాక పైన మా తలుపు తెరుచుకుంది. వుకాషిన్ గొంతు మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చింది.

"యాస్నా! ఓవెన్ ఎంత వేడి పెట్టాలి? చేప ఎంతసేపుంచాలి? యాస్నా!"

జవాబు నాలిక చివరే ఉంది. ఇన్నేళ్ళూ అతని పరీక్షలన్నిటికీ జవాబులు నేనే అందించాను. దీన్ని మాత్రం అతన్నే రాసుకోనిచ్చి, తలుపు తోసుకుని పొగమంచులోకి నడిచాను.